మూడు వేళ్ల పిడి

కొలిమి ముందర ఇనుప దాగలి మీద ఖాకీ రుమాలు, రుమాలు మీద కత్తి. చుట్టూ నిలబడిన నలుగురిలో దాన్ని చూసి మొగం చిన్నబుచ్చుకోనివాడు ఒక్కడే. దాన్ని చేసిన కమ్మరి కుళ్ళాయప్ప.

"నీదేనా?" అని అడిగినాడు ఇన్‌స్పెక్టర్ బదరీనారాయణ.

"నాది గాక ఎవురిది సామీ? ఇట్లాంటి వెన్ను తీసే చెయ్యి ఈ జిల్లాలో ఇంకోటి ఉంటే చూపియ్యి. పొయ్యి వాని కొలిమిలో తిత్తి ఊదుతా."

"అది మనిషిని చంపిన కత్తి. కొంచెం తగ్గి మాట్లాడు."

"చంపింది మనిషి. కత్తి ఏం చేసె?"

కొలిమి గుంజకు ఆనుకొని వింటాన్న డిటెక్టివ్ గంగాధరప్ప మీసం కింద నవ్వుకున్నాడు. గుత్తి పక్క పల్లెలో పుట్టి, బి.ఏ. చదివి, అనంతపురంలో బోర్డు కట్టుకున్న మనిషి ఆయన. కాలేజీ రోజుల్లో బదరీనారాయణా ఆయనా ఒకే హాస్టలు గది. అప్పట్నుంచి ఈ పొద్దు దాకా ఒకరి మాట ఒకరు ఒప్పుకున్న పాపాన పోలేదు.

నాలుగో మనిషి తిప్పమ్మ. గడప అవతల కొంగు బిగించి నిలబడింది. ఆమె మొగుడు వేటగాడు ఓబుళేసు మీదే హత్యానేరం. గంగాధరప్పను వెతుక్కుంటా అనంతపురం పోయి ఆమె చెప్పింది ఒకటే మాట: "చంపింటే చంపినానని చెప్పే మొగోడు నా మొగుడు. లేదంటాండాడు. అంటే లేదనే." ఆ మాటకే గంగాధరప్ప కంబదూరు బస్సెక్కినాడు.

జరిగింది ఊరంతా ఎరిగినదే. వాన మొగం చూడని రెండో ఏడు అది. అంగడి రామలింగయ్య తన గాదెలు తెరిచి పల్లెకంతా గంజి పోస్తా వచ్చినాడు. ఆయన గుణానికి మెచ్చి, ఈ ఉగాదికి ఊరంతా కలిసి వేటకు పొయ్యే పారువేటలో అందరి ముందర నడిచి తొలి కత్తి వేసే మర్యాద ఆయనకే ఇయ్యాలని పెద్దలు తీర్మానించినారు. తాతల నాటి నుంచి ఆ మర్యాద మోస్తాన్న నరసింహప్ప కూడా సరేనని తల ఊపినాడు. ఇంతలో గంజి కాడ చిన్న మాట పెద్దదైంది. "రెండోసారి వచ్చినావే ఓబుళేసూ" అన్నాడు రామలింగయ్య. ఓబుళేసు ముంతను నేలకేసి కొట్టి, "ఈ మాటకు జవాబు చెప్తా" అని వెళ్లిపోయినాడు. ఆ తర్వాతి సోమవారం తెల్లవారి, గంజికి నీళ్లు తోడే చెలమ చూడబోయిన రామలింగయ్య ఎండిన వంక ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు. రొమ్ములో ఓబుళేసు కత్తి.

బదరీనారాయణ పెన్సిలుతో కత్తి పిడిని తట్టినాడు. దుప్పి కొమ్ముతో చేసిన పిడి. వాడి వాడి తేనెరంగుకు తిరిగింది.

"వేళ్లకు గుంటలెన్ని, గంగా?"

"మూడు."

"నీకూ నాకూ నాలుగు కావాల. ఓబుళేసుకు కుడిచేతి చూపుడు వేలు లేదు, ఎప్పుడో పంది కొరికేసింది. ఏమప్పా కుళ్ళాయప్పా, ఆ మట్టి పిడికిలి ఇట్ల తే."

కుళ్ళాయప్ప గూట్లోంచి కాల్చిన మట్టిముద్ద ఒకటి తీసినాడు. కత్తి అడిగినవాని చేత పచ్చి పుట్టమన్ను పిడికిట పట్టించి, ఆ ముద్దను కాల్చి, దాన్ని చూసి పిడి చెక్కడం ఆ కొలిమి పద్ధతి. ఓబుళేసు ముద్ద మీద మూడు వేళ్ల అచ్చు గుండ్రంగా పడి ఉంది. పిడి పక్కన పెడితే గుంటకు గుంట సరిపోయింది.

"చూస్తివా సామీ," అన్నాడు కుళ్ళాయప్ప, గొంతు నిండుగా. "వెంట్రుకవాసి తేడా రాదు. యుద్ధం కాలపు లారీ కమాను పట్టీ తెచ్చి సాగ్గొట్టింది ఇది. దీంతో పంది తోలు తియ్యొచ్చు, కంప కొట్టొచ్చు, వంకలో చెలమ తొవ్వుకొని నీళ్లు తాగొచ్చు. వెన్ను మీద చెకుముకి రాయి గీస్తే దూది అంటుకోవాల. ఒంటిగా అడవిన పడినోన్ని బతికించి ఇంటికి తెచ్చే కత్తి."

"మామా," అనింది తిప్పమ్మ గడప కాడ్నుంచే. "నీ గొప్ప చెప్పుకుంటా నా మొగుని మెడకు ఉరి బిగిస్తాండావు. చూసుకో."

కుళ్ళాయప్ప మట్టిముద్దను మళ్లా గూట్లో పెట్టేసినాడు.

"ఈ పిడి పట్టే చెయ్యి జిల్లాకంతా ఒకటే," అన్నాడు బదరీనారాయణ. "ఆ చెయ్యి నా లాకప్పులో ఉంది, మధ్యాహ్నం కళ్యాణదుర్గం కోర్టుకు పోతాది. ఇంక నువ్వు వచ్చిన బస్సుకే తిరిగి పోవచ్చు, గంగా."

గంగాధరప్ప దాగలి దగ్గరికి వచ్చినాడు. జేబురుమాలు చుట్టి కత్తి చేతిలోకి తీసుకున్నాడు. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఒక్కొక్కటే గుంటల్లో కూర్చున్నాయి. చిటికెన వేలి వెనకాల కొమ్ము బుడిపె అడ్డం, చెయ్యి వెనక్కి జరగదు. చూపుడు వేలికి పిడి మీద చోటు లేదు. అది పోయి ఇనుము మీద, పదును వాదర మొదలయ్యే చోట ఆనుకుంది. అట్లనే ఒకసారి ముందుకు పొడిచినట్ల మెల్లగా చెయ్యి ఆడించి చూసి, కత్తిని మళ్లా రుమాలు మీద పెట్టినాడు.

"పిడికీ వాదరకూ మధ్య అడ్డుపట్టీ పెట్టలేదేమన్నా?"

"తోలు తీసే కత్తికి అడ్డుపట్టీ పెడితే పిడికిలి తోలు కిందికి ఎట్ల దూరుతాది? నువ్వు వేటకు పొయ్యేవాని మాదిరే ఉండావు, ఇది తెలీదా?"

"తెలుసు. నీ నోట వినాలని అడిగినా. సరే, ఓబుళేసు దీన్ని పదునుకని నీకిచ్చినాడంట, నిజమేనా?"

"ఇచ్చినాడు."

"మళ్లా తీసుకపోయినాడా?"

కుళ్ళాయప్ప కొలిమి దిక్కు తిరిగి, బొగ్గులు ఎగదోసినాడు. "మా కొలిమికి వచ్చిన కత్తి సొంతదారు చేతికి తప్ప ఇంకో చేతికి పోదు. మా తాత పెట్టిన కట్టు అది. పెండ్లాం వచ్చి అడిగినా ఇయ్యం."

"విన్నావు కదా," అన్నాడు బదరీనారాయణ, రుమాలు మడుస్తా.

గంగాధరప్ప విన్నాడు. అడిగిందొకటి, చెప్పిందొకటి. ఆచారం చెప్పినాడు గాని, కత్తి తిరిగి ఇచ్చినానని కుళ్ళాయప్ప అనలేదు. అంతే గాదు, కొమ్మును ఆకురాయితో రాకే చెక్క కింద నేలమీద తెల్లగా కొమ్ముపొడి రాలి ఉంది. బొగ్గుమసి ఇంకా కప్పని పొడి. కరువులో సద్దలకే గతిలేని పల్లెలో కొత్త కత్తి చేయించుకున్న మారాజులు ఎందరుంటారు?

ఆ మాట మనసులో పెట్టుకొని, "బదరీ, వంక చూపియ్యి," అన్నాడు.

*

వంకలో నీళ్లు పారి ఎన్నాళ్లయిందో ఇసుకకే తెలియాల. చెలమ చుట్టూ మాత్రం చాపంత మేర పచ్చగా ఉంది. రామలింగయ్య పడిన చోట రాళ్లు పేర్చి గుర్తు పెట్టినారు.

"పొడిచినవాడు ఎదురుగా వచ్చినాడు," అన్నాడు బదరీనారాయణ. "ఒకే పోటు, పిడి దాకా. ఆ నెత్తురంతా ఈడనే ఇంకింది. నీకు చూడ్డానికి ఏమీ మిగల్లేదు."

"పడినోడు మళ్లా లేచినాడా?"

"డాక్టరు చెప్పినాడు, పడినవాడు పడినట్టే."

"మరి ఆ బండ మీదికి ఎవురెక్కినారు?"

చెలమకు అవతల, గట్టు మొదట్లో ఒక చదును బండ ఉంది. దాని మీద నల్లగా ఎండిన చుక్కలు. ఒకటి కాదు, వరసగా. శవం పడిన చోటికీ దానికీ మధ్య ఇసుకే గాని నెత్తుటి జాడ లేదు. బండ పక్కన, నెత్తురు ఆపేకి అద్దే గాయపాకు మొలిచి ఉంది. ఆ పచ్చలో సగం మొక్కలు పెరికి పారేసినట్ల పడి ఉన్నాయి.

బదరీనారాయణ బూటు మొనతో వాటిని కదిలించినాడు. "మేకలు."

"మేక కొస తుంచుతాది, వేరు పెరకదు. ఇది మనిషి పని. అందులోనూ ఒంటిచెయ్యి మనిషి." గంగాధరప్ప వంగి తాను ఒక మొక్క తుంచి చూపించినాడు. ఎడమచేత్తో కాడ పట్టుకొని, కుడిచేత్తో ఆకు గిల్లినాడు. "రెండు చేతులుంటే ఆకు వస్తాది. ఒక్క చేత్తో లాగితే వేరుతో సహా ఊడొస్తాది. ఇంకో చెయ్యి ఖాళీగా లేదు, బదరీ. దాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకొని ఉండాడు. నెత్తురు కారతాంది."

రాతి సందులో ఒక ఆకుముద్ద దొరికింది. నమిలి, గాయానికి అద్ది, నెత్తురు నిండినాక పారేసిన ముద్ద. పేలిక మాదిరి ఎండిపోయింది. గంగాధరప్ప దాన్ని కాగితంలో పొట్లం కట్టి, వద్దనేలోపలే ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టినాడు.

"ఓబుళేసు చేతులు చూసినావా?"

"చూసినా," అన్నాడు బదరీనారాయణ.

"గీత అన్నా ఉందా?"

"లేదు. ఎందుకుంటాది? కత్తి వాని చేతికే చేసింది."

"అదే నేను చెప్తాండేది. వానికి చేసిన కత్తి వాన్ని కొయ్యదు. నాలుగు వేళ్లున్నోడు దాన్ని పట్టి బలంగా పొడిచినాడంటే, చూపుడు వేలు జారి వాదర మీదికి పోతాది. ఎముక దాకా తెగుతాది. పొడిచినవాడు ఎవురి కత్తో చూసి ఎత్తుకొచ్చినాడు గాని, ఎవురి చేతికి చేసిన కత్తో చూసుకోలేదు."

బదరీనారాయణ మొగం కందింది. చదువుకొనే రోజుల్లో లెక్క తప్పిందని చెప్పినప్పుడూ ఆ మొగం ఇట్లనే కందేది. ఐనా తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"కత చక్కగా ఉంది. ఐతే ఆ నాలుగు వేళ్లవానికి ఓబుళేసు కత్తి యాడ దొరికె? సొంతదారుకు తప్ప ఇయ్యనని కమ్మరి నీ ముందరే అనె. కోర్టులో వాడు ఆ ఒక్క మాట అంటే చాలు, నీ ఆకుముద్దను మేకే తింటాది."

అది నిజం. తిప్పమ్మ మొగుడు బతకాలంటే ఆ మాట మారాల. గంగాధరప్ప మళ్లా కొలిమి దారి పట్టినాడు, వెనకాలే ఇన్‌స్పెక్టరు.

*

ఈసారి కుళ్ళాయప్ప తలెత్తలేదు. సమ్మెట దెబ్బ ఆపకుండా, "చెప్పాల్సింది చెప్పినా," అన్నాడు.

"చెప్పలేదు. నేను అడిగింది మీ తాత కట్టు కాదు." గంగాధరప్ప ఆకురాయి చెక్క కింద వేలు పెట్టి, కొమ్ముపొడి ఎత్తి చూపించినాడు. "ఎవురికన్నా ఈ కొత్త పిడి?"

"నరసింహప్పకు. రామలింగయ్య పోయినంక తొలి కత్తి మర్యాద మళ్లా ఆయనకే వచ్చె. కొత్త కత్తి కావాలన్నాడు."

"ఒక పిడికి ఇంత పొడి రాలదు."

సమ్మెట ఆగింది. గంగాధరప్ప బొగ్గుల గంప దగ్గరికి పొయ్యి, చేతికి అంటిన మసిని లెక్కచేయకుండా అడుగు దాకా తవ్వినాడు. గోనెపేలికలో చుట్టిన కత్తి బయటికొచ్చింది. ఇంకా పదును పెట్టని, మెరుగు తేలని కత్తి. తెల్లటి కొమ్ము పిడి. పిడి మీద మూడు గుంటలు.

గడప కాడ్నుంచి తిప్పమ్మ వంగి చూసింది. ఇన్‌స్పెక్టర్ రెండడుగులు ముందుకొచ్చినాడు.

"ఓబుళేసు కత్తికి కవలను చేస్తాండావు," అన్నాడు గంగాధరప్ప మెల్లగా. "మొదటిది నీ దగ్గర్నుంచి పోయింది. పారువేట లోపల ఇది వాని చేతిలో పెట్టి, ఏమీ జరగనట్ల ఉండాలనుకున్నావు. ఇంతలో అది రామలింగయ్య రొమ్ములో తేలె. ఇప్పుడు చెప్తే కొలిమి పేరు పోతాది, చెప్పకుంటే ఓబుళేసు పోతాడు. రెండిట్లో నువ్వు ఏది ఎంచుకున్నావో నేను చెప్పాల్నా?"

కుళ్ళాయప్ప సమ్మెట పక్కన పెట్టి కూర్చున్నాడు.

"మూడు తరాలు," అన్నాడు. "బళ్లారి నుంచి కూడా ఈడికే వచ్చేటోళ్లు. మా గోడకు తగిలించిన కత్తి బ్యాంకీలో పెట్టినట్టే అనేటోళ్లు. దాన్ని పోగొట్టినోన్ని నేనే అని ఏ నోటితో చెప్పేది?"

"ఆ నోటితోనే," అనింది తిప్పమ్మ. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. "నా మొగుడు లాకప్పులో ఏమంటాండాడో తెల్సా మామా? 'కత్తి కుళ్ళాయప్ప మామకిచ్చినా, ఆయనే చెప్తాడు' అని. దెబ్బలు తింటా కూడా ఇంకో మాట అనలేదంట. నీ కొలిమి పేరు మోస్తాండేది నువ్వు గాదు. వాడు."

కుళ్ళాయప్ప ఆమెను చూసినాడు. తర్వాత నిటారుగా లేచి, చేతులు తుడుచుకొని, ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడినాడు. కత్తిని మెచ్చుకున్నప్పుడు ఉన్న నిండుతనమే మళ్లా ఆ గొంతులోకి వచ్చింది.

"రాసుకో సామీ. కుళ్ళాయప్ప కొలిమిలో ఓబుళేసు కత్తి పోయింది. శనివారం పోయింది. ఓబుళేసు దాన్ని మళ్లా ముట్టుకోలేదు. ఏ కోర్టులోనైనా, ఎంతమంది ముందరైనా చెప్తా. నా పేరు ఎట్ల పోతే అట్ల పోనీ, అబద్ధంతో నిలబెట్టుకొనే పేరు నాకొద్దు."

గంగాధరప్పకు ఆ మనిషి మీద అంతకు ముందున్న కోపమంతా దిగిపోయింది.

"శనివారం ఈడికి ఎవురొచ్చినారు?"

"లోపలి దాకా వచ్చింది ఒక్కడే. కత్తికని పిడికిలి అచ్చు ఇయ్యను. పుట్టమన్ను తెచ్చేకి నేను పెరట్లోకి పోతి." కుళ్ళాయప్ప మాట అక్కడ తెగింది. తాను ఏమంటాన్నాడో తనకే అప్పుడు తట్టినట్లుంది. "నరసింహప్ప."

"తొలి కత్తి మర్యాద ఆయనకు వచ్చింది రామలింగయ్య పోయినంక," అన్నాడు గంగాధరప్ప. "అచ్చు ఇచ్చింది అంతకు ముందే."

బదరీనారాయణ టోపీ తీసి, నుదురు తుడుచుకున్నాడు. "ఊరి పెద్ద. ఆధారం లేకుండా ఆయన ఇంటి మీదికి పోతే నా ఉద్యోగం ఉండదు, గంగా."

"మనం పోనక్కర్లే. కుళ్ళాయప్పన్నా, ఆయన కత్తి పని యాడి దాకా వచ్చింది?"

"పిడి బిగించినా. వాదర పెట్టలేదు. ఎవురి కత్తికైనా ముందు సొంతదారు వచ్చి, నా ఎదురుగా పిడి పట్టి, ముమ్మారు గాలిలో ఆడించాల. కుదిరిందంటేనే వాదర. తొలి కత్తికైతే పెద్దలూ నిలబడి చూస్తారు."

"కబురు పంపు."

"ఆయన చేతికి ఏమీ లేకపోతే," అన్నాడు బదరీనారాయణ, "నువ్వు నా సర్కిల్లో మళ్లా కాలు పెట్టగూడదు."

"ఉంటే?"

"ఉంటే పంచనామా నువ్వు చెప్పినట్ల రాస్తా."

*

మధ్యాహ్నం తిరిగినంక నరసింహప్ప నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని వచ్చినాడు. తలకు జరీ రుమాలు, భుజం మీద కండువా. కండువా కొస కుడిచేతి మీదికి జారి ఉంది. పెద్దమనిషి చెయ్యి కండువా కింద పెట్టుకుంటే ఎందుకని అడిగేవాళ్లు ఆ పల్లెలో లేరు.

"ఏమప్పా, రామలింగయ్య దినం కూడా కాలేదు. ఇప్పుడే ఏం తొందర?"

"పారువేట దగ్గరపడె సామీ," అన్నాడు కుళ్ళాయప్ప. రెండు అరచేతుల మీద కత్తి పెట్టి ముందుకు చాచినాడు. కొత్త కొమ్ము పాలతెలుపుగా మెరుస్తాంది. "ఒకసారి పట్టండి."

నరసింహప్ప ఎడమచెయ్యి చాచినాడు.

"అచ్చు ఇచ్చిన చెయ్యి సామీ."

పెద్దలు చూస్తాండారు. మూల నిలబడిన ఇన్‌స్పెక్టరు చూస్తాండాడు. నరసింహప్ప కండ్లు ఒక్కొక్కరి మీదా తిరిగి వచ్చినాయి. చెయ్యి నొప్పంటే ఏం నొప్పని అడుగుతారు. వద్దని తిరిగిపోతే, తాతల నాటి మర్యాదను కత్తి పట్టలేక వదిలేసినాడంటారు. ఏ మర్యాద కోసం ఒక మనిషిని నేలపాలు చేసినాడో, దాన్ని ఇంతమందిలో చెయ్యి వెనక్కి తీసుకొని పోగొట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. తల ఇంకొంచెం పైకెత్తినాడు. కండువా తొలగించి, కుడిచేత్తో పిడి పట్టినాడు. చూపుడు వేలికి సన్నటి గుడ్డ చుట్టి ఉంది.

"గుడ్డ తీస్తే గదా పట్టు తెలిసేది," అన్నాడు గంగాధరప్ప.

"అక్కర్లే."

ఒకసారి ఆడించినాడు. రెండోసారి ఆడించినాడు. మొగంలో ఒక్క గీత కదల్లేదు. అట్లాంటి మొండితనం చూసి గంగాధరప్పకు లోలోపల మెచ్చుకోబుద్ధయింది. మూడోసారికి గుడ్డ ఎర్రబడింది. తెల్లటి కొమ్ము మీద నెత్తురు సన్నగా కారి, మణికట్టు దాకా దిగింది.

"బాగా కుదిరింది, కుళ్ళాయప్పా," అన్నాడు నరసింహప్ప.

బదరీనారాయణ ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. గుడ్డ విప్పినాడు. వేలి లోపలి పక్క అడ్డంగా, ఎముక కనిపించేంత లోతు తెగి ఉంది.

"ఓబుళేసును విడిపిస్తా," అన్నాడు బదరీనారాయణ. ఎవురితోనో చెప్పుకున్నట్ల ఉంది ఆ మాట.

నరసింహప్ప నవ్వినాడు. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

"యాడ్నుంచి విడిపిస్తావు? మధ్యాహ్నం కళ్యాణదుర్గం కోర్టుకు పంపిస్తివి కదా. స్టేషనులో జీపు లేదని మీ వాళ్లు కబురు చేస్తే లారీ ఇచ్చింది ఎవురు? తోలేది ఎవురి మనిషి? మీ కానిస్టేబులుకు దోవలో ఈతకల్లు పోయమని చెప్పినా. కోర్టులో నోరు తెరిచే పని ఓబుళేసుకు ఉండదు."

తిప్పమ్మ ఇన్‌స్పెక్టర్ ముందరికి వచ్చి నిలబడింది.

"సార్. నా మొగుణ్ణి ఎవురి బండ్లో పంపినావు?"

అప్పటికే గంగాధరప్ప గడప దాటి, లారీ వెనకాల పొయ్యేకి, వాకిట్లో నిలిపిన పోలీసు మోటారుసైకిలు కిక్కు తొక్కుతాన్నాడు.